ఇండీ యను మాటయు అభిమాన గణములును

ఒక మాట పుట్టినింట నొక యర్థమును, మెట్టినింట వేఱొక యర్థమును పొందుట భాషాచరిత్ర నెఱిగినవారికి వింత కాదు. అట్టి మాటలలో ‘ఇండీ’ యనునది యొకటి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు ప్రాంతములందలి మన పిల్లల నోట ఈ మాట యిప్పుడు తఱచుగా వినబడుచున్నది. ‘ఇది ఇండీ పాట’, ‘అది ఇండీ సినిమా’ అని వారు మెప్పుగా ననుచుందురు. దాని యర్థమేమని యడిగినచో ఒకడు ‘సినిమాలో లేని పాట’ యనును. మఱియొకడు ‘తక్కువ డబ్బుతో తీసినది’ యనును. వేఱొకడు ‘గిటారు మీటుచు మెల్లగా పాడునది’ యనును. ఈ మూడు సమాధానములును మూడు వేఱు సంగతులను చెప్పుచున్నవి. మొదటిది స్థానమును, రెండవది వ్యయమును, మూడవది నాదమును తెలుపును. స్వాతంత్ర్యమును తెలుపునది మాత్ర మొక్కటియు లేదు. ‘ఇండిపెండెంటు’, అనగా స్వతంత్రము, అను నాంగ్లపదమునకు ఇది ముద్దుపేరని తెలిసినవారి కీ లోపము వెంటనే తోచును.

ఇది పిల్లల కబుర్లలోని చిన్న విషయమని గృహస్థులు త్రోసివేయవచ్చును. కాని యువకుడొక మాటను మెప్పుగా వాడుచున్నాడనగా, ఆ మాట వెనుకనున్న గుణమును కోరుచున్నాడని యర్థము. మన పిల్లలు స్వాతంత్ర్యమును గొప్పగుణముగా నెంచుచున్నారు. అది సంతోషింపదగిన విషయమే. అయినను ఆ పిల్లలలోనే పలువురు కొత్త చిత్రము విడుదలయగు రాత్రి ఆర్టీసీ చౌరస్తాయొద్ద ఒక నటుని పేర జెండా పట్టి నిలుచుచున్నారు. ఒక చేత స్వాతంత్ర్యమును, వేఱొక చేత జెండాను పట్టుట పొసగునా? పొసగినచో నెంతవఱకు? ఈ ప్రశ్నను విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

విచారమునకు ముందు రెండు మాటల యర్థమును స్థిరపఱచుకొనవలెను. పాణిని కర్తకు లక్షణము చెప్పుచు, క్రియయందు స్వతంత్రుడై యుండువాడే కర్త యనెను. ఆ క్రియ నెఱవేరుటకు మిక్కిలి తోడ్పడునది కరణము. గొడ్డలితో కట్టెలు కొట్టునపుడు కొట్టువాడు కర్త, గొడ్డలి కరణము. గొడ్డలి యెంత పదునైనదైనను, దాని పిడి బంగారుదైనను అది కర్త కాజాలదు. ఏలయన ఏ కట్టెను కొట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించునది అది కాదు. కావున స్వాతంత్ర్యమనగా పేదఱికము కాదు, చిన్నతనము కాదు, ఒకానొక ధ్వనివిశేషమును కాదు. ఔననుటకును కాదనుటకును తనకుగల యధికారమే స్వాతంత్ర్యము.

ఇక రెండవది ‘అభిమానము’. సాంఖ్యులు అహంకారమునకు లక్షణముగా చెప్పిన మాట యిదియే. ‘ఇది నేను, ఇది నాది’ యను భావన అభిమానము. ఆంగ్లేయుల ‘ఫ్యాన్’ అను మాట మూఢభక్తుని చెప్పు మాటకు కుఱుచరూపమని నిఘంటుకారు లనుచున్నారు. మన మాట అంతకంటె లోతైనది. భక్తుడు దేవుని వేఱుగా నుంచి మ్రొక్కును. అభిమాని తన వీరుని తనలోనికి తెచ్చుకొనును. ఆ వీరుని జయము తన జయము, ఇతరుని జయము తన పరాజయము. మన తగవులన్నియు ఈ రెండవ వాక్యమునుండియే పుట్టుచున్నవి.

‘ఇండీ’ పుట్టినిల్లు బ్రిటను. అక్కడ ఆ మాట యెట్లు పెరిగెనో, ఎట్లు మాఱెనో చూచితిమేని మనయింటి సంగతి తేటపడును. 1970 తరువాతి దశాబ్దమున అక్కడి రికార్డుల వ్యాపారము ఈ.ఎం.ఐ. మొదలగు కొలది పెద్ద కంపెనీల చేతిలో నుండెను. పాటగాండ్రు వారి వాకిట నిలిచి కనిపెట్టుకొని యుండవలసినదే. 1977 జనవరిలో మాంచెస్టరు నగరమునకు చెందిన బజ్‌కాక్స్ అను బృందము సుమారు ఐదువందల పౌండ్లు అప్పుచేసి, నాలుగు పాటల చిన్న రికార్డును తామే ముద్రించి తామే యమ్ముకొనిరి. దాని పేరు ‘స్పైరల్ స్క్రాచ్’. ఎవరి యనుమతియు లేకుండ రికార్డు చేయవచ్చునను వార్త దేశమంతట ప్రాకెను. లండనులో 1976లో రఫ్ ట్రేడ్ అను పేర తెఱచిన రికార్డుల యంగడి 1978లో తానే రికార్డులు ప్రచురింప మొదలిడెను. ఆ యేడే మాంచెస్టరున ఫ్యాక్టరీ యను కంపెనీ వెలసెను. 1980 జనవరినుండి ఇట్టి రికార్డుల యమ్మకములకు వేఱొక పట్టికయే యేర్పడెను. ఆ పట్టికలో చేరుటకు పాట ఎట్లుండవలెనను నియమము లేదు. రికార్డును అంగళ్లకు చేర్చు పంపిణీ మాత్రము పెద్ద కంపెనీలది కాకుండవలెను. అనగా తొలుత ‘ఇండీ’ యనునది సరకు నెవరు మోయుచున్నారను దానిని చెప్పు వ్యాపారపు మాట. అందు గిటారు ప్రసక్తియే లేదు.

ఆ మాట వ్యాపారమును విడిచి నాదమునకు పేరగుటకు అయిదాఱేండ్లు పట్టెను. 1986లో ఎన్.ఎం.ఈ. యను సంగీతపత్రిక ఇరువదిరెండు బృందముల పాటలను కూర్చి ‘సీ86’ అను పేర నొక క్యాసెట్టును వెలువరించెను. అందలి పాటలన్నియు నొక్కతీరువి కాకున్నను, గలగలలాడు గిటారు, సిగ్గుపడుచున్నట్లుండు గొంతు, పెంపుడు పిల్లి వలె మెత్తనైన ధోరణి యను గుణములు ఆ క్యాసెట్టు పేరునకే యంటుకొనెను. నాటినుండి ఇండీ యనగా నొక వేషము, ఒక జుట్టుతీరు, ఒక గిటారు చప్పుడు. వ్యాపారార్థమును నాదార్థమును విడిపోయినవి. విడిపోయిన తరువాత వచ్చిన చిక్కు చూడుడు. 1988 ప్రాంతమున కైలీ మినోగ్ అను గాయని పాడిన నృత్యగీతములు స్వతంత్రపు పట్టికలో శిఖరమున నిలిచినవి. ఏలయన ఆమె రికార్డులను వెలువరించిన పీ.డబ్ల్యూ.ఎల్. కంపెనీ పంపిణీ పెద్ద కంపెనీలది కాదు. ఇండీ యువకు లందులకు ముక్కు చిట్లించిరి. అటుపిమ్మట ఒయాసిస్ అను బృందము వచ్చెను. వారి రికార్డులను ప్రచురించిన క్రియేషను కంపెనీలో దాదాపు సగము 1992లోనే సోనీ సంస్థకు అమ్ముడుపోయి యుండెను. అయినను 1994లో వారి తొలి ఆల్బము వెలువడినపుడు దానిని ఇండీ కాదన్నవారు మిక్కిలి తక్కువ. స్వతంత్రమైనది పేరునకు తగదాయెను. సగము పరాధీనమైనది ఆ పేరునకు సొంతదారాయెను. గిటారున్నదా లేదా యనుటయే తీర్పు!

ఇట్టి చోట గణములు పుట్టుట సహజము. ఒక మాటకు అర్థము జాఱిపోయినపుడు దానిని పట్టుకొని వ్రేలాడువారు అర్థమునకు బదులుగా చిహ్నమును కాపాడుకొందురు. చొక్కా, బూట్లు, జుట్టు, ఏ నగరపు యాస యనునవి ప్రమాణములగును. 1995 ఆగస్టు 14వ తేదీన బ్లర్, ఒయాసిస్ అను రెండు బృందములు ఒకేదినమున తమ పాటలను విడుదల చేసినపుడు బ్రిటనులోని వార్తాపత్రికలన్నియు దానిని యుద్ధముగా వర్ణించెను. దక్షిణమువారు బ్లర్ వైపు, ఉత్తరమువారు ఒయాసిస్ వైపు. చదువుకొన్న మధ్యతరగతివా రొకచోట, కార్మికుల బిడ్డలు మఱొకచోట నిలిచినట్లు వ్రాసిరి. ఆ వారము బ్లర్ పాట రెండులక్షల డెబ్బదినాలుగువేలు, ఒయాసిస్ పాట రెండులక్షల పదాఱువేలు అమ్ముడుపోయెను. గెలిచినవా రెవరు? బ్లర్ రికార్డుల కంపెనీ అప్పటికే ఈ.ఎం.ఐ. వశము, ఒయాసిస్ రికార్డులలో సోనీకి భాగము. ఇరుగణములును పోట్లాడి కొనిన దాదాపు అయిదులక్షల రికార్డుల సొమ్ము చేరిన చోటులు రెండు పెద్ద కొట్లే. కర్తల మనుకొన్న పిల్లలు కరణములైరి.

కాని అదే దేశమున వేఱొక దృష్టాంతము కలదు. దానిని చెప్పకుండుట అన్యాయము. ఫ్యాక్టరీవారు 1982లో మాంచెస్టరున హసియెండా యను నృత్యశాలను తెఱచిరి. కొన్నియేండ్లకు అమెరికానుండి వచ్చిన యంత్రనృత్యసంగీతము అక్కడ మ్రోగసాగెను. గిటారు పాటల పిల్లలును, నృత్యసంగీతపు పిల్లలును ఒక్క నేలపై కలిసిరి. ఒకే యువకుడు రెండు గణములకును చెందినవాడాయెను. ఆ కలయికనుండియే 1989 ప్రాంతపు మాంచెస్టరు పాటలు పుట్టినవి. సీ86 క్యాసెట్టులో మొదటిపాట పాడిన ప్రైమల్ స్క్రీమ్ బృందమే 1991లో నృత్యశాలల వారితో చేయి కలిపి ‘స్క్రీమడెలికా’ యను ఆల్బమును వెలువరించెను. మఱుసటియేట మొట్టమొదటి మెర్క్యురీ బహుమానము దానికే దక్కెను. గణముల గట్లు తెగినచోట కళ పుట్టెను. గట్లు ఎత్తు పెరిగినచోట అమ్మకము పెరిగెను. బ్రిటను చరిత్రనుండి మనము గ్రహింపవలసిన పాఠ మిదియే.

ఈ పాఠమును చేతబట్టుకొని మన పేటలను చూతము. చిక్కడపల్లి చుట్టును ఒక మైలు లోపల ఎన్ని గణములు నివసించుచున్నవో గమనింపుడు. ఆర్టీసీ చౌరస్తాయొద్ద సుదర్శను, దేవి, సంధ్య మొదలగు చిత్రశాలలు కలవు. అక్కడ నటుల యెత్తైన కటౌట్లును, వానికి పూలదండలును, పాలాభిషేకములును. కొంచెము నడచినచో 1966లో నెలకొల్పబడిన శ్రీ త్యాగరాయ గానసభ. అక్కడ కచ్చేరీలు, లలితగీతములు, నాటకములు, పాత సినిమాపాటల సభలు. దానికి దాపుననే నగర కేంద్ర గ్రంథాలయము. అక్కడ జిల్లాలనుండి వచ్చి అశోక్‌నగరు గదులలో నివసించుచు సర్కారు ఉద్యోగపు పరీక్షలకు చదువుకొను యువతీయువకులు. పత్రికలలో వ్రాయునపుడు వీరిని మూడు జాతులవలె వర్ణించుట కలదు. వాస్తవమున మనుష్యు డొక్కడే. పగలంతయు గ్రంథాలయమున రాజ్యాంగమును వల్లించిన యువకుడే సాయంకాలము చౌరస్తాలో చిత్రము చూచును; ఆదివారము గానసభలో పద్యనాటకము విని చప్పట్లు కొట్టును; రాత్రి గదిలో చెవికి తీగ తగిలించుకొని తెలుగు గిటారు పాట వినును. ఇతడు నాలుగు గణముల వాడు. ఈ కలగాపులగమే మన పేటల యారోగ్యమునకు చిహ్నమని నా యభిప్రాయము.

ఆరోగ్యము చెడునది ఎప్పుడు? నాలుగింటిలో నొకటి తక్కిన మూటిని మ్రింగివేసినపుడు. 2023 సంక్రాంతిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. జనవరి 12వ తేదీన బాలకృష్ణ నటించిన ‘వీరసింహారెడ్డి’, 13వ తేదీన చిరంజీవి నటించిన ‘వాల్తేరు వీరయ్య’ విడుదలయైనవి. ఇరువురి యభిమానులును వసూళ్ల లెక్కలు చెప్పుకొని, ఒకరి లెక్క నొకరు దొంగలెక్క యనుకొనిరి. రెండు చిత్రములను నిర్మించినది మైత్రీ మూవీ మేకర్స్ అను నొక్క సంస్థయే! రెండింటను నాయిక శ్రుతి హాసనే! ఏ గణము గెలిచినను గల్లాపెట్టె ఒక్కటే. సంస్థవారిని తప్పుపట్టుటకు నేనీ మాట చెప్పుట లేదు. వ్యాపారము వారి ధర్మము. ఒకే దుకాణమున రెండు రంగుల జెండాలు కొని వీధిలో కొట్టుకొనువారిని గూర్చియే నా విచారము. బ్లర్, ఒయాసిస్ కథకును దీనికిని భేద మింతే: అక్కడ కొట్లు రెండు, ఇక్కడ నొకటి.

అభిమాన సంఘములయందు మంచి లేదని యనరాదు. చిరంజీవి 1998లో నెలకొల్పిన రక్తనిధికి అభిమానులు చేసిన రక్తదానము ఎందఱికో ప్రాణము పోసినది. తెలుగు చిత్రములను గూర్చి పరిశోధించిన ఎస్.వి. శ్రీనివాస్‌గారు 1996లో అభిమానులపై వ్రాసిన వ్యాసపు శీర్షికలోనే భక్తి, ధిక్కారము అను రెండింటిని జతపఱచిరి. అది సూక్ష్మదృష్టి. అభిమాని వట్టి బానిస కాడు. తన వీరు డెట్లుండవలెనో తానే శాసింపగోరును. అయితే ఆ ధిక్కారము ‘నా వీరుడు నాకు తగినట్లు లేడు’ అనుటకే వినియోగపడుచున్నది గాని, ‘ఈ చిత్రమున నీతి లేదు, ఈ కథలో స్త్రీకి గౌరవము లేదు’ అని చెప్పుటకు వినియోగపడుట లేదు. సంఘములలో స్త్రీలు దాదాపుగా లేకుండుటయు దీనికొక కారణము. ఇంట తల్లియు చెల్లెలును చూచు చిత్రమును గూర్చి వీధిలో తీర్పు చెప్పువారందఱు మగవారే యగుచున్నారు.

కరణమైన గణము ఎంతవఱకు పోగలదో 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి మన పేటయే చూచినది. సంధ్య చిత్రశాలలో ‘పుష్ప 2’ ముందస్తు ప్రదర్శనము. కథానాయకుడు వచ్చెననగానే జనము ఒక్కపెట్టున త్రోసికొనెను. కుటుంబముతో చిత్రము చూడవచ్చిన ఒక తల్లి ఆ త్రొక్కిసలాటలో ప్రాణము విడిచెను. ఆమె కుమారుడు తీవ్రముగా గాయపడెను. చిక్కడపల్లి పోలీసులు కేసు పెట్టిరి. డిసెంబరు 13న నటుడు అల్లు అర్జున్‌ను నిర్బంధించిరి. ఆ దినమే హైకోర్టు ఆయనకు మధ్యంతర బెయిలు నిచ్చెను. ఇకమీదట ఇట్టి ప్రత్యేక ప్రదర్శనలకు అనుమతి నీయబోమని ఆ నెలలోనే ప్రభుత్వము ప్రకటించెను. దోషమెవరిదో తేల్చుట న్యాయస్థానముల పని. ఆ తీర్పును నేను వ్రాయబూనను. విమర్శకుడు చూడవలసినది వేఱొకటి. ఆ రాత్రి త్రోసికొన్న వేలాదిమందిలో ‘నేను త్రోయుదును’ అని నిర్ణయించుకొన్నవా డొక్కడైన నుండెనా? ఒక్కడును ఉండడు. క్రియ జరిగెను, ప్రాణము పోయెను, వెదకినచో కర్త కానరాడు. స్వతంత్రుడు లేని సమూహమున కిదియే లక్షణము.

ఈ భీతిచేత కొందఱు విద్యావంతులు మఱొక మూలకు పరుగెత్తుచున్నారు. ‘మేము ఆ గుంపులో లేము, మేము ఇండీ చూతుము, ఇండీ విందుము’ అని వారి యతిశయము. వారి మాటయు పరీక్షింపదగినదే. మన భాషలో సినిమాకు చెందని పాటకు ‘ప్రైవేటు పాట’ యను పేరు చాలకాలముగా నున్నది. ఆ పేరు ఎవరి సొమ్ము, ఎవరి పంపిణీ యని యడుగదు. చిత్రమున లేదని మాత్రమే చెప్పును. ఘంటసాల పాడిన భగవద్గీత ఆ విధమున ప్రైవేటు రికార్డే. దానిని వెలువరించినది హెచ్.ఎం.వి.; ఆనాడు ఆ కంపెనీకి యజమాని ఇంగ్లండులోని ఈ.ఎం.ఐ. అనగా బ్రిటనులో ఏ కొట్టునుండి తప్పించుకొనుటకు ‘ఇండీ’ పుట్టినదో, మనదేశమున ‘ప్రైవేటు పాట’ను ఆ కొట్టే యమ్మెను! దానివలన ఘంటసాల గీతకు కొఱత లేదు. ఇంటింట ప్రాతఃకాలమున వినబడినది. కాని ‘సినిమా కాదు’ అనుటయు ‘స్వతంత్రము’ అనుటయు ఒకటి కాదని దానివలన స్పష్టమగుచున్నది.

నేటి సంగతియు నట్లే యున్నది. హైదరాబాదున వెలసిన ‘చౌరస్తా’ బృందము గిటారును, జమైకా దేశపు తాళమును, మన పల్లెపలుకును కలిపి మంచిపాటలు చేసినది. ఆ బృందమున పాడిన రామ్ మిరియాల పిమ్మట సినిమాలకు పోయి 2021లో ‘జాతిరత్నాలు’, 2022లో ‘డీజే టిల్లు’ చిత్రముల పాటలతో ప్రసిద్ధుడాయెను. సినిమాలలో పాడి పేరొందిన మోహన భోగరాజు 2021లో ‘బుల్లెట్టు బండి’ యను ప్రైవేటు పాటను పాడగా, అది తెలంగాణపు పెండ్లిపందిళ్లన్నిట మాఱుమ్రోగెను. వీరిలో స్వతంత్రులెవరు, పరతంత్రులెవరు? మొదటివా డమ్ముడుపోయెననియు, రెండవయామె పవిత్రురాలాయెననియు చెప్పుట బాల్యము. ఇరువురును గట్టు దాటిరి. దాటుట వారి హక్కు. పైగా సినిమా వాకిలి తప్పించుకొన్న ప్రతి పాటయు నేడు యూట్యూబు వాకిట నిలిచి లెక్క చెప్పించుకొనుచున్నది. ఆ వాకిలి గూగులువారిది. ఏ పాటను ముందుంచవలెనో, దేనిని వెనుకకు నెట్టవలెనో నిర్ణయించునది పాటగాడు కాదు. కావున ఇండీ యనిపించుకొనుట తేలిక, స్వతంత్రముగా నుండుట కష్టము.

అట్లయినచో స్వతంత్రమైన కృతియే లేదా? కలదు, ఒక యుదాహరణము చెప్పెదను. వెంకటేశ్ మహా దర్శకత్వమున 2018 సెప్టెంబరులో విడుదలయైన ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రమును, అమెరికాలో వైద్యురాలైన పరుచూరి ప్రవీణగారు నిర్మించిరి. విశాఖపట్టణములోని కంచరపాలెపు నివాసులే, ఎన్నడును నటింపనివారే, అందలి పాత్రధారులు. ఏబదియేండ్లకు చేరువైన బ్రహ్మచారి, కచేరిలో బంట్రోతు. అతనికి పై యధికారిణిగా వచ్చిన వితంతువు, ఎదిగిన కూతురు గల తల్లి. వారిరువురి యనురాగ మందలి కథలలో నొకటి. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినపుడు వధువు బాలిక. అప్పటి వాదమంతయు జాలి మీదను, శాస్త్రప్రమాణము మీదను నడచినది. ఈ చిత్రమున జాలి యవసరమే లేదు. ఆమె యుద్యోగస్థురాలు, తన మనస్సు తానెఱిగినది. ఆమెకు వలసినది లోకము త్రోవ వదలుట మాత్రమే. నూటముప్పదియేడేండ్లలో వాద మెంత ముందుకు నడచినదో ఈ యొక్క కథ చూపును. దీనిలో కటౌటుకు తగిన వీరుడు లేడు. పెద్ద వెల గల నటుని నమ్ముకొన్న నిర్మాత యిట్టి కథను మొదలుపెట్టుట కష్టము. అనగా ఇక్కడ స్వాతంత్ర్యము అలంకారము కాదు; కథాప్రాణము.

చిత్రము పూర్తియైన పిమ్మట రానా దగ్గుబాటి సమర్పకుడుగా సురేశ్ ప్రొడక్షన్సువారు దానిని విడుదల చేసిరి. ‘పెద్ద సంస్థ చేయి పడినది గనుక ఇక అది ఇండీ కాదు’ అనువారు కలరు. వారికి నారాయణగూడలోనే సమాధానము దొరకును. మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికలకు తెలుగున చదువు చెప్పు పాఠశాలను నెలకొల్పిరి. ఉర్దూ రాజభాషగా నున్న ఆ నైజాము రాజ్యమున తెలుగు బోధనకు గుర్తింపు దొరకలేదు. వారు బోధనభాషను మార్చుకొనక, పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయపు గుర్తింపును పొంది పిల్లలను పరీక్షలకు పంపిరి. ఎవరి సాయమును తీసికొనకుండుట స్వాతంత్ర్యము కాదు. ఏ విషయమున లొంగరాదో ఆ విషయమున లొంగక తక్కినచోట సాయము తీసికొనుటయే స్వాతంత్ర్యము. కంచరపాలెపు కథను ఎవరును మార్పింపలేదు గదా! తెర మాత్రము పెద్దవారిది. బ్రిటనువారును 2009లో తమ పట్టిక నియమమును మార్చి, సరకు నెవరు మోసినను సరే, కంపెనీలో కనీసము సగము పెద్ద సంస్థలది కాకున్న చాలుననిరి. వారు మోత యను ప్రమాణమును విడిచి యాజమాన్యమను ప్రమాణమునకు వచ్చిరి. మనము మఱొక యడుగు వేసి, నిర్ణయ మెవరిదని యడుగవలెను.

తెర యవసరమెంతో 2024 సంక్రాంతికి మఱల తేటపడినది. జనవరి 12వ తేదీన మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’తోపాటు తేజ సజ్జా నటించిన ‘హను-మాన్’ విడుదలయ్యెను. హైదరాబాదున రెండవదానికి తెరలు మిక్కిలి తక్కువగా నీయబడెనని వివాదము పుట్టెను. చూచినవారు చూడనివారికి చెప్పగా చెప్పగా దాని తెరలు పెరిగినవి. అట్లు చెప్పినవా రెవరు? ఏ గణమునకును పూర్తిగా కట్టుబడని ప్రేక్షకులు. ఒక నటుని యభిమానులై యుండియు పొరుగు చిత్రమును బాగున్నదనగలవారు. చిన్నవానికి నిజమైన పంపిణీదారుడు ఇట్టి ప్రేక్షకుడే. ఇండీ యను మాట నిలుచుటయు పడుటయు తీసినవాని చేతిలోకంటె ఇతని చేతిలోనే యెక్కువగా నున్నది. తీయువాడెంత స్వతంత్రుడైనను, చూచువాడు కరణమై యున్నచో ఆ స్వాతంత్ర్యము ఎండమావి.

ఇది మనకు కొత్తపాఠమును కాదు. పోతన భాగవతమును రాజున కంకిత మీయ నిరాకరించెననియు, త్యాగయ్య తంజావూరు కొలువు పిలుపును కాదనెననియు పెద్దలు చెప్పుదురు. ఆ త్యాగయ్య పేరే మన గానసభ గుమ్మము మీద నున్నది. శ్రీనాథుడో, రాజుల యాస్థానముల నలంకరించి కనకాభిషేకము పొందినవాడు. తెలుగు చదువరి వీరిలో నొకరిని పట్టుకొని మఱొకరి పుస్తకమును తగులబెట్టెనా? పోతన పద్యమునకు కన్నీరు కార్చిన నోటనే శ్రీనాథుని సీసమును చదివి ఆనందించెను. పోతన నిరాకరణమును గౌరవించెను, శ్రీనాథుని పాండిత్యమును మెచ్చెను, శ్రీనాథుని భోగలాలసను సందర్భము వచ్చినపుడు తప్పుపట్టెను. రెండు గణములకును చెంది, రెండింటను తన తీర్పును తనయొద్ద నుంచుకొనుట మన సాహిత్యసంప్రదాయము. ఆ సంప్రదాయము పుస్తకమునుండి తెరకు, తెరనుండి చరవాణికి దిగివచ్చునపుడు ఎక్కడనో జాఱిపోయినది. దానిని తిరిగి యెత్తుకొనవలెను.

కావున తల్లిదండ్రులకును, నాతోటి యుపాధ్యాయులకును ఒక్క మనవి. పిల్లలను చిత్రములకు పోవలదని కట్టడి చేయకుడు. కట్టడివలన గణము బలపడును గాని బాలుడు బలపడడు. ఒక నటుని మెచ్చు బాలుని గానసభకు తీసికొనిపొండు; సంగీతము నేర్చు బాలికను చౌరస్తాలో మంచిచిత్రమునకు, రద్దీలేని వేళ, తీసికొనిపొండు; ఇరువురిని గ్రంథాలయమున విడువుడు. ఒకటికి మించిన గణములకు చెందినవానిని ఏ గణమును గొడ్డలిగా వాడుకొనజాలదు. ఇంటికి వచ్చిన పిమ్మట భోజనమువేళ, నీ వీరుని చిత్రమున నీకు నచ్చనిదేమి, ఎదుటి వీరుని చిత్రమున నచ్చినదేమి యని యడుగుడు. రెండింటికిని నిదానముగా సమాధానము చెప్పగలిగినచో వాడు ఏ జెండా పట్టినను భయము లేదు, వాడు స్వతంత్రుడు. చెప్పలేకపోయినచో వాని గదిలో గిటారున్నను, గోడమీద ఇండీ బృందముల పటములున్నను, వాడింకను కరణమే.